వెనక సీట్లో నిద్ర

"అమ్మా, దిగండి. ట్రయల్ అయిపోయింది."

వెనక సీట్లో ఆవిడ కదల్లేదు. తల పక్కకి వాలిపోయి ఉంది. సన్నగా గురక.

ఇంజినీరు కారు అద్దం మీద వేలితో కొట్టాడు.

ఆవిడ గబుక్కున కళ్ళు తెరిచింది. "అయ్యో, వచ్చేశామా!"

"ఎప్పుడో వచ్చాం. ఎలా ఉందండీ ప్రయాణం?"

"ఏమో బాబూ. కునుకు పట్టేసింది," అంది సిగ్గుపడుతూ, చేతిసంచీ వెతుక్కుంటూ.

ఇవాళే కాదు. ఎక్కిన ప్రతిసారీ ఇదే వరస.

ఇంజినీరుకి ఒళ్ళు మండింది.

ఆ కంపెనీ చేసే కార్లన్నిట్లోకీ ఖరీదైనది అది. కొన్నవాళ్ళు దాన్ని నడపరు. దర్జాగా వెనక కూర్చుంటారు. ఇప్పుడు దాన్ని కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. ఆకారం అతని బావ పని. నడక అతని పని. వెనక కూర్చున్నవాళ్ళకి కింద రోడ్డుందన్న సంగతే గుర్తు రాకూడదని ఏళ్ళ తరబడి స్ప్రింగులతో కుస్తీ పట్టాడు.

అందుకే ఈ ట్రయల్స్. బయటి మనుషుల్ని పిలిచి, గతుకుల ట్రాక్ మీద తిప్పి, ఎలా ఉందో అడగడం. ఆ మనుషుల్ని ఏరి తెచ్చిన పుణ్యం బావది.

క్యాంటీన్లో బావ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏరా, నీ నిద్ర మహారాణి ఎలా ఉంది?"

"ఎక్కడ దొరికింది బావా నీకు? ఎక్కుతుంది, గుర్రు పెడుతుంది, దిగి వెళ్ళిపోతుంది. ఒక్క ముక్క చెప్పదు."

"ఇంకెందుకు, తీసెయ్. రేపు డైరెక్టరు అడిగితే, నిద్రపోవడానికి వచ్చేవాళ్ళతో పరీక్షలు చేయించానంటావా? పరువు పోతుంది."

"నువ్వు తెచ్చిన మనిషి కదా. నువ్వే చెప్పు."

"ట్రయల్స్ నీవి. నువ్వు చెబితేనే బావుంటుంది."

బావ మాటంటే అతనికి మొదట్నుంచీ గురి. కొత్త కారుకి పెద్ద చక్రాలు పెడదామని మాత్రం ముందు బావ పట్టుబట్టాడు. చక్రం పెరిగితే టైరు పల్చబడుతుంది, ప్రతి గతుకూ నడుముకి తగులుతుందని అతను మొత్తుకున్నాడు. చివరికి ఓ రోజు భోజనాల దగ్గర, అక్క వడ్డిస్తుండగా, "సరేరా, నీ మాటే కానీ. పాత చక్రాలే ఉంచుతాను," అని బావ ఒప్పుకున్నాడు. అక్క కళ్ళలో ఎంత సంతోషమో.

మర్నాడు ఆవిణ్ణి ట్రాక్ గేటు దగ్గరే ఆపేశాడు.

"ఇక మీరు రానక్కర్లేదండీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఏదైనా తప్పు చేశానా బాబూ?"

"తప్పేం లేదు. మాకు మెలకువగా ఉండేవాళ్ళు కావాలి."

"ఇంకొక్కసారి కూర్చోనా? ఒక్కసారే."

"వీలు పడదండీ."

ఆవిడ ట్రాక్ మీదున్న కారుని కాసేపు చూసి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి వారం డైరెక్టరు ముందు కొత్త కారు మట్టి నమూనా మీద ముసుగు తీశారు.

పొడుగాటి బానెట్టు. నిటారుగా నిలబడ్డ గ్రిల్. ముందు నుంచి వెనక దాకా ఒక్క గీతలో జారిన కప్పు. ఇంజినీరుకే చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

అప్పుడు చక్రాలు కనిపించాయి.

భారీ చక్రాలు. వాటి చుట్టూ రిబ్బను చుట్టినట్టు పల్చటి టైర్లు.

"బావా... ఇది మనం అనుకున్నది కాదు కదా?"

బావ అతని వైపు చూడలేదు.

"చక్రాలతోనే సార్ దీనికి ఈ రాజసం," అన్నాడు డైరెక్టరుతో. "నడకంటారా, కూర్చున్నవాళ్ళంతా బావుందన్నారు. అంతే. అంతకు మించి ఎవరూ మురిసిపోలేదు. దాని కోసం ఇంత అందం వదులుకుందామా?"

డైరెక్టరు ఇంజినీరు వైపు తిరిగాడు. "ఒక్కరైనా ఉన్నారా? ఈ బండిలో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదన్నవాళ్ళు?"

ఇంజినీరు ట్రయల్ కాగితాలు తిరగేశాడు. అన్నిట్లోనూ 'బావుంది' అనే ఉంది.

పెద్ద చక్రాలే ఖాయమయ్యాయి.

బయట వరండాలో ఇంజినీరు బావని చెయ్యి పట్టుకుని ఆపాడు. "అక్క ముందు మాటిచ్చావు బావా."

"ఇంట్లో మాట ఇంట్లోనే వదిలెయ్యాలిరా," అని బావ మెల్లిగా చెయ్యి విడిపించుకున్నాడు.

ట్రయల్ బండిని తుక్కుకి పంపేశారు. నలగ్గొట్టే యార్డుకి దాన్ని లారీ ఎక్కించినప్పుడు అతను అక్కడే నిలబడి చూశాడు. ఆ తర్వాత అక్కా బావల ఇంటికి పోవడం మానేశాడు. అక్క ఫోన్ చేస్తే పనుందన్నాడు.

కొన్నాళ్ళకి గేటు దగ్గర ఒకమ్మాయి అతని కోసం కాచుకుని ఉంది.

"ట్రయల్‌కి వచ్చి నిద్రపోయేది చూడండి, ఆవిడ కూతుర్నండీ. అమ్మని ఒక్కసారి ఆ బండిలో తిప్పుతారా? ఎంతవుతుందో చెప్పండి, కట్టుకుంటాను."

"ఆ బండి లేదమ్మా. తుక్కయిపోయింది."

అమ్మాయి బిత్తరపోయింది. "మరి వేరేది? అలాంటిదే?"

"అలాంటిది ఇక రాదు. అయినా నిద్రపోవడానికి ఆ బండే ఎందుకు?"

"మీకు తెలీదా? కారు బొమ్మలు గీసే సారుకి అన్నీ చెప్పానే! బండెక్కాలంటే హడలిపోయేవాళ్ళు కావాలన్నారాయన. చిన్న కుదుపుకే కేక పెట్టేవాళ్ళయితే మరీ మంచిదన్నారు. అమ్మ సంగతి విని, ఈవిడైతే సరిగ్గా సరిపోతుందని తీసుకున్నారు."

ఇంజినీరు గేటు కమ్మీ పట్టుకున్నాడు.

కేకలు పెడుతుందని తెచ్చాడు బావ. పెట్టలేదని తీయించాడు. అదీ తన నోటితోనే.

"హడలిపోవడమా... ఆవిడా?" అన్నాడు.

"నాన్న నడుపుతున్న కారు బోల్తా పడి, ఆయన పోయి, అమ్మ ఒక్కతే బయటపడిందండీ, ఆ రోజు నుంచి ఏ బండిలోనూ రెప్ప వాల్చలేదు, మీ బండిలో తప్ప."