పెళ్ళికీ చావుకీ మధ్య

"నా ఇంట్లో, నా బల్ల దగ్గర, ఆ పోటీవాడి పత్రికా?" సిన్సినాటీలో సొంత పత్రిక నడిపే ఆర్చిబాల్డ్ ప్రూయిట్ కాఫీ కప్పు ఠపీమని పెట్టాడు.

భార్య లొవీనా తలెత్తలేదు. "పదేళ్ళుగా చదువుతున్నాను. ఇవాళ దొరికిపోయాను."

"మనదానికేం తక్కువే?"

"మనదాంట్లో ఆడది పెళ్ళయితే కనిపిస్తుంది, చస్తే కనిపిస్తుంది. మధ్యలో ఏమైపోతుందండీ?"

ఆర్చిబాల్డ్ రోషంగా తన పత్రిక తెరిచి నాలుగు పేజీలూ గాలించాడు. రెండు పెళ్ళిళ్ళు, ఒక చావు. ఇంకోసారి మొదటినుంచీ వెతికాడు. ఈసారి రోషం చల్లారిపోయింది.

"సోమవారం నుంచి మూడో పేజీ నువ్వు రాయి," అన్నాడు మెల్లగా.

లొవీనా అనుమానంగా చూసింది. "మీరు దిద్దడానికా?"

"అచ్చయ్యేదాకా నాకు చూపించకు. చూస్తే నా చెయ్యి ఊరుకోదు."