పిలార్ అవ్వ సలాం

"కాస్త జరుగు వస్సీలా. ఈ వారం నా పక్కన ఫెరియాల్ కూర్చుంటుంది," అంది జొహ్రా మామ్మ.

వస్సీలా జరిగింది. జరగక ఏం చేస్తుంది? రేవు పట్టణం ఓరాన్‌లోని ఆ ఇంట్లో శుక్రవారం గోధుమరవ్వతో వండిన కుస్‌కుస్ పళ్ళెం ముందు మామ్మ కుడిపక్క చోటు ఏడాదిగా ఆమెదే. 'యూరప్ అంతా ఒంటరిగా చూసొచ్చిన మన ఇంటి మొదటి ఆడపిల్ల' అంటూ మామ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిన చోటు అది. ఇప్పుడు పిన్ని కూతురు ఫెరియాల్ వెళ్ళొచ్చింది. నిన్న స్పెయిన్ ఓడ దిగిందో లేదో ఇల్లంతా రేవుకు పరుగెత్తింది.

వస్సీలా ఫెరియాల్ వైపు గుర్రుగా చూసింది. నిన్నగాక మొన్న రోడ్డు దాటడానికి తన వేలు పట్టుకున్న పిల్ల!

"దారి అడగాలంటే కుక్కను పట్టుకుని నడిచేవాళ్ళనే అడగాలి మామ్మా," అంటోంది ఫెరియాల్. "మిగతావాళ్ళంతా మనలాగే దారి తెలియక తిరుగుతుంటారు. కుక్క ఉందంటే మాత్రం ఆ ఊరివాళ్ళే."

అందరూ ఒకటే నవ్వు.

"కుక్క కరిస్తేనో?" అంది వస్సీలా. ఎవరూ నవ్వలేదు.

"ఇంకోటి. గుమ్మంలో నిలబడి రండి రండి అని పిలిచే హోటల్లో అడుగు పెట్టకూడదు. వంట బాగుంటే పిలవాల్సిన పనేముంది?"

"ఇవన్నీ నేను నిరుడే చెప్పాను."

"చెప్పావులేవే," అంది ఖీరా అత్త, ఫెరియాల్ ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ. "కానీ నీ ఫొటోలు చూసే రాత మాకు లేకపోయె. ఆ దొంగ వెధవ నీ ఫోనే పట్టుకుపోయాడాయె. చూడు, ఈ వంతెన మీద ఎంత బాగుందో పిల్ల! ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?"

వస్సీలా చెంచాను కుస్‌కుస్‌లో గుచ్చింది.

"మా పక్కింటి డాక్టరుగారికి మూడోసారీ వీసా ఇవ్వలేదట," అత్త ఆపలేదు. "మనింట్లో ఇద్దరు ఆడపిల్లలకి వచ్చింది. దిష్టి తగలకుండా ఉప్పు తిప్పెయ్యాలి."

"ఒంటరి ప్రయాణమట, ఒంటరి ప్రయాణం!" వస్సీలా ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది. "రోజూ రాత్రి వీడియోలో అమ్మకు ముఖం చూపించి, ఏం తిన్నావే, ఎక్కడ పడుకున్నావే అనిపించుకోవడం కూడా ఒంటరిగా తిరగడమేనా? నేను ఓడ దాకా కూడా ఎవర్నీ రానివ్వలేదు. క్షేమంగా తిరిగి రావాలని మామ్మ గుమ్మంలో నీళ్ళు చల్లింది, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాను. తిరిగొచ్చేదాకా ఒక్కరికైనా ఫోను చేశానా? ఒంటరిగా ఉండడమంటే అదీ!"

ఫెరియాల్ ముఖం చిన్నబోయింది. ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. తగలాల్సిన చోటే తగిలిందని వస్సీలాకు హాయిగా అనిపించింది.

"ఊరుకోండే," అంది మామ్మ. "ఆ మాటలకేం గానీ, ఫెరియాల్, నా పని చేశావా? పిలార్ అవ్వకు ఖర్జూరాలు ఇచ్చావా?"

వస్సీలా చెంచా గాల్లోనే ఆగిపోయింది.

పిలార్ అవ్వను ఆ ఇంట్లో ఎరగనివాళ్ళు లేరు. నిరుడు వస్సీలా చెప్పిన కబుర్లన్నిట్లోకీ మామ్మకు ఆమె కథే ఇష్టం. వాలెన్సియాలో చర్చి వెనక సందులో బస నడిపే ముసలావిడ. పంది కొవ్వు తగలని పెనం వేరే కొని, వస్సీలాకు బంగాళాదుంపలు వేయించి పెట్టిన తల్లి. మామ్మ నమాజు చేసినప్పుడల్లా ఆమె పేరు చెప్పి దువా చేస్తుంది.

"ఖర్జూరాలా? నాకు చెప్పనేలేదే!" అంది వస్సీలా.

"నీకు చెప్పేదేముంది? పరాయి దేశంలో నా మనవరాలికి అన్నం పెట్టిన చెయ్యి అది. అప్పగింత పెట్టి పంపాను."

అప్పగింత అన్నాక ఆ ఇంట్లో అబద్ధం ఉండదు. చేరితే చేరిందని చెప్పాలి, చేరకపోతే తిరిగి చేతిలో పెట్టాలి. అందరూ తినడం ఆపి ఫెరియాల్ వైపు చూశారు.

"రెండు రోజులు వెతికాను మామ్మా. చర్చి వెనక ఏ సందూ వదల్లేదు. కనబడిన ప్రతి తలుపూ కొట్టాను."

"దొరికిందా?"

ఫెరియాల్ తలెత్తి వస్సీలా వైపు చూసింది. వస్సీలా చూపు పళ్ళెంలోకి దించేసింది. తానే ఆ చోట ఉంటే ఏం చేసేదో ఆమెకు బాగా తెలుసు. ఇన్ని మాటలన్నాక వదిలిపెడుతుందా ఎవరైనా?

"ఏమందే మన పిల్ల గురించి?" ఖీరా అత్త కిసుక్కున నవ్వింది. "అద్దె ఎగ్గొట్టి పారిపోయిందని చెప్పలేదు కదా!"

"దొరక్కేం అత్తా!" అంది ఫెరియాల్. "ఖర్జూరాలు కళ్ళకద్దుకుంది. అక్క పేరెత్తగానే నా రెండు చేతులూ పట్టేసుకుంది. మీ అక్కలా బంగాళాదుంపలు తినేవాళ్ళను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదంది."

చేతిసంచీలోంచి పూలు చెక్కిన నల్లటి విసనకర్ర తీసి వస్సీలా ఒళ్ళో పెట్టింది.

"నీకు ఇది ఇమ్మంది అక్కా. సలాం చెప్పమంది."

"అల్‌హందులిల్లా!" మామ్మ కళ్ళు తుడుచుకుంది. "చల్లగా ఉండాలి ఆ తల్లి. ఇటు రా వస్సీలా, ఈ పక్కన నువ్వు కూర్చో. నాకు రెండు పక్కలున్నాయిగా."

వస్సీలా లేవలేకపోయింది. విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఫెరియాల్ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"పిచ్చిపిల్లా, ఆవిడ మీద అంత బెంగగా ఉంటే మళ్ళీ వెళ్ళొద్దువుగానిలే," అంది ఖీరా అత్త వీపు నిమురుతూ.

వస్సీలా ఏనాడూ సముద్రం దాటలేదు.