మదర్ ఇచ్చిన సముద్రం

"జర దూరం పెట్టి విప్పుండ్రి. లోపల తేలో జెర్రో ఉంటది."

భార్య మార్తమ్మ మాటకు ప్రభుదాసు నవ్వాడు. కాన్వెంటులో పెద్ద మదర్ తన దేశం వెళ్లిపోతూ, అక్కడ పనిచేసేవాళ్లకు తలా ఒక వస్తువు పంచింది. అతని వంతుకు ఈ పొట్లం వచ్చింది. తాడు తెంపి అట్ట తీశాడు. తేలూ లేదు, జెర్రీ లేదు. అద్దం కట్టిన బొమ్మ. ఎవరో ఫ్రెంచి చిత్రకారుడు వేసిన సముద్రతీరమట, దాని అచ్చు.

హన్మకొండ సుబేదారిలోని ఆ రెండు గదుల ఇంట్లో, యేసు ప్రభువు పటం పక్కన మేకు కొట్టి తగిలించాడు. ఎదుటి గోడ దగ్గరున్న మంచం మీద కూర్చుని మురిసిపోయాడు.

"ఎంత సక్కగ గీసిండే. అగో పడవలు. అగో తెల్ల గొడుగు పట్టుకున్న దొరసాని. పక్కన పిల్ల."

మార్తమ్మ వెళ్లి బొమ్మ ముందు నిలబడింది. జాకెట్లు కుట్టే మనిషి. దేన్నయినా కంటి దగ్గర పెట్టుకుని చూడటమే అలవాటు. పడవ లేదు, దొరసాని లేదు. అన్నీ రంగు మరకలు. ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఇంకా అలుక్కుపోయింది. ముక్కు అద్దానికి ఆనించింది. గోడకు సున్నం కొట్టినప్పుడు నేల మీద పడ్డ చుక్కల్లా ఉంది.

తన తల్లికి నలభయ్యో ఏట చూపు పోయింది. తనకిప్పుడు ముప్పై తొమ్మిది.

"నాకేం కనవడ్తలేదయ్యా," అంది.

"లోకం ఎట్ల కనవడ్తదో అట్లనే గీసిండు. మనోళ్లు ఆకు ఆకూ ఈనెతో సహా గీస్తరు. ఎవలకు కనవడ్తయే అన్నన్ని?"

మార్తమ్మ కిటికీలోంచి బయటి వేపచెట్టును చూసింది. ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. అంటే రోగం ఇంకా బొమ్మ దాకే వచ్చింది. రేపోమాపో చెట్టుకూ ఎక్కుతుంది.

పక్కింటి మల్లక్క వచ్చి, తనూ ముక్కు ఆనించి చూసి, వానకు తడిసిన బొమ్మేమో అంది. మార్తమ్మ నమ్మలేదు. ఆయనకు దొరసాని గొడుగు కూడా కనిపిస్తోంది కదా.

ఆ వారమంతా గుడ్డితనానికి రిహార్సల్ నడిచింది. కళ్లు మూసుకుని పొయ్యి నుంచి బావి దాకా అడుగులు లెక్కపెట్టింది. ఇరవై రెండు. మూడుసార్లు బావికే చేరింది, నాలుగోసారి మల్లక్క వంటింట్లో తేలింది. చక్కెర డబ్బాను తడిమి గుర్తుపట్టబోయి చాయ్‌లో ఉప్పు వేసింది. ప్రభుదాసు చుక్క మిగల్చకుండా తాగాడు. పిల్లలిద్దరి ముఖాలూ పొద్దునా సాయంత్రం తడిమి, ఎవరి ముక్కు ఎట్లాంటిదో కంఠతా పట్టింది. చక్కిలిగింతలకు వాళ్లు ఇల్లంతా పొర్లి నవ్వారు.

పిల్లల మీద ఆమె బెంగ వాడకట్టంతా ఎరిగినదే. రిక్షా ఎక్కించదు, బోల్తా పడుతుందని. నడిపించి పంపదు, లారీ గుద్దుతుందని. బడికి తండ్రి వెంటే పోవాలి, తండ్రి వెంటే రావాలి. ఆయన వెంట ఉంటేనే ఆమెకు నిమ్మళం.

ఆయన అట్లాంటి మనిషి మరి. దేనికీ తొందరపడడు. ఎదురొచ్చినవాడు ఎవడైనా సరే, ముందు తనే దండం పెడతాడు. ఒకసారి పోస్టు డబ్బాకు పెట్టాడని మల్లక్క ఇప్పటికీ నవ్వుతుంది.

శనివారం ఆమెను కళ్ల డాక్టరు సారంగపాణి దగ్గరికి తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆమె భర్త చెయ్యి వదల్లేదు. ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలంది.

డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. గడగడ చదివేసింది. అడుగున చీమ తలకాయంత ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది.

"నీ కండ్లకేమైందమ్మా. గద్ద కండ్లు."

"మరి ఆ బొమ్మ నాకు చుక్కలు చుక్కలు, ఈయనకు సాఫ్‌గ ఎట్ల కనవడ్తది సార్?"

డాక్టరు బొమ్మ సంగతంతా చెప్పించుకుని నవ్వాడు. అట్లాంటి బొమ్మను దూరం నుంచి చూడాలన్నాడు. లోకం ఎట్లా కనపడుతుందో అట్లాగే గీశాడని భర్త అన్న మాట కూడా ఆమె చెప్పింది. అప్పుడు డాక్టరు నవ్వు ఆపాడు. ప్రభుదాసును స్టూలు మీద కూర్చోమన్నాడు.

ప్రభుదాసు అన్నిటికన్నా పెద్ద అక్షరాన్ని చాలాసేపు చూశాడు. అది అక్షరమా, బొమ్మా అని అడిగాడు. డాక్టరు గది ఆ చివర నిలబడి మూడు వేళ్లు చూపించాడు. ప్రభుదాసు లేచి, వినయంగా తిరిగి దండం పెట్టాడు.

మార్తమ్మకు నవ్వు ఆగలేదు. తన కళ్లకు ఏమీ కాలేదు. సూదిలో దారం ఎక్కుతుంది. ఎప్పటికీ పిల్లల ముఖాలు కనపడతాయి. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఎన్నేండ్ల సంది ఇట్ల?"

"ఎట్ల, సార్? అందరికి ఇంతే గద."

"ఏం పని చేస్తవు?"

మార్తమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. బయట రిక్షా గంట మోగుతూ మోగుతూ దూరమైంది. ప్రభుదాసు భార్య వైపు తిరిగాడు. ఆమె నేల చూపులు చూస్తోంది. చొక్కా గుండీ ఊడదీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి చెప్పాడు.

"కాన్వెంటు పిల్లల బస్సు నడుపుత, సార్."