కారిడార్‌కి ఆ చివర

సూది గుచ్చాక గంటసేపు మాట్లాడకూడదు, కదలకూడదు, ఏమీ నమలకూడదు. క్షణం నోరు మూసుకోని పిల్లకి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? ఇంట్లో ఆమెని పిడుగనే పిలుస్తారు. పదహారేళ్లు. ఆ వయసు పిల్లలకి ఎక్కడో తప్ప రాని రకం లింఫోమా క్యాన్సర్ ఏరికోరి ఆమెకే వచ్చింది.

పెట్ స్కాన్ పిడుగుకి కొత్త కాదు. నరంలోకి ఎక్కించే మందులో కొద్దిగా రేడియేషన్ ఉంటుంది. అది జబ్బున్న చోట చేరి తెరమీద మచ్చల్లా వెలుగుతుంది. పోయినసారి చాలాచోట్ల వెలిగింది. డాక్టరు అమ్మానాన్నలని మాత్రమే లోపలికి పిలిచి తలుపేసుకున్నాడు. బయటికొచ్చాక ఇద్దరూ నవ్వుమొహాలు పెట్టుకుని, “కొత్త మందుందట, దీంతో తగ్గిపోతుంది” అన్నారు.

పిడుగు నమ్మింది. పేగులు నోట్లోకొచ్చేలా వాంతులవుతున్నా పళ్ల బిగువున భరించింది. ఈమధ్య అమ్మకీ వాంతులే. “మందు నాకెక్కిస్తే నీకెందుకమ్మా ఈ తిప్పలు?” అని ఏడిపించేది.

ఆ మందు పనిచేసిందో లేదో ఇవాళ తేలిపోతుంది.

స్కాన్ అయ్యాక టెక్నీషియన్ ఎప్పటి మాటే చెప్పింది. “నీ ఒంట్లో ఇంకా రేడియేషన్ ఉంటుంది. సాయంత్రం దాకా ఎవరి దగ్గరికీ వెళ్లకమ్మా.”

పిడుగుకి నవ్వొచ్చింది. అమ్మ ఆ మాట ఏనాడు విన్నది గనక! తలుపు తెరవగానే పరుగెత్తుకొచ్చి వాటేసుకునేది. టెక్నీషియన్ కేకలేస్తే, “నా కూతురి కంటే నాకేది ఎక్కువ?” అని ఎదురుతిరిగేది.

ఇవాళ తలుపు తెరుచుకుంది. అమ్మ రాలేదు. కారిడార్‌కి ఆ చివర కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపింది.

అమ్మకి ముందే తెలిసిపోయిందా? మొహం చూపించలేక అక్కడే ఉండిపోయిందా?

కాసేపటికి డాక్టరు గదిలోంచి నాన్న వచ్చాడు.

“చెప్పు నాన్నా. తగ్గలేదా?”

నాన్న తల అడ్డంగా ఊపాడు.

“ఇంకో మందు?”

“లేదంట తల్లీ.”

పిడుగు గోడకి చేరగిలబడి, “అమ్మా!” అని బావురుమంది.

అమ్మ లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. వెక్కివెక్కి ఏడుస్తోంది గానీ దగ్గరికి రావడం లేదు.

“ఒక్కసారి రా అమ్మా! భయమేస్తోంది!” చేతులు చాచింది పిడుగు.

అమ్మ ఇక ఉండలేకపోయింది. పరుగున వస్తుంటే నాన్న గబగబా వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

ఏడుపులు విని టెక్నీషియన్ బయటికొచ్చింది. అమ్మని చూసి కంగారుపడిపోయింది.

“మూడో నెలని మీరే చెప్పారు కదండీ, కడుపులో బిడ్డని పెట్టుకుని ఈ అమ్మాయి దగ్గరికి ఎలా వెళ్తారు?”