భుజాల మీద బురద

"భయపడకండి మామయ్యా, దేవుడు మీతో ఉన్నాడు!" పైనుంచి అరిచాడు పాస్టరైన మా అల్లుడు.

"ఆయన సంగతేమో గానీ, ఇక్కడి కప్పలు నన్ను అప్పుడే పెద్దమనిషిగా ఎన్నుకున్నాయి" అన్నాను.

నేలలోని నీళ్లట్యాంకు కడగడానికి దిగాను. నిచ్చెన విరిగింది, లోపలి కుళాయి ఊడింది. నీళ్లు నడుం దాటాయి. మా అమ్మాయి ఇంకో నిచ్చెన కోసం పరిగెత్తింది.

"పోయిన ఆదివారం చెప్పానుగా మామయ్యా, ఆయన మన కోసం కిందికి దిగొచ్చాడని..."

"మరి నువ్వు పైనే ఉండి చెబుతున్నావేం?"

అల్లుడు ట్యాంకు అంచు దాకా వచ్చి లోపలికి తొంగిచూశాడు. బకెట్లో నీళ్లు చూసినా ఆమడ దూరం జరిగే మనిషి. ఈత రాదు.

దభేలుమని దూకేశాడు, తెల్లచొక్కాతోనే!

"నా భుజాలెక్కండి!"

"మరి నువ్వో?"

"ముందు మీరెక్కండి మామయ్యా!" పళ్లు టకటకలాడుతున్నాయి.

ఎక్కి బయటపడ్డాను. వంగి చూస్తే, నేనున్న చోట వాడున్నాడు. నీళ్లు గుండెల దాకా. నాకిక వేళాకోళం రాలేదు. నిచ్చెన వచ్చేదాకా వాడి చెయ్యి వదల్లేదు.

పైకొచ్చాక చూసుకున్నాడు. రెండు భుజాల మీదా నా పాదాల బురద.

"అయ్యో, ఆరాధనకి వేళయింది. చొక్కా మార్చుకొస్తాను."

"మార్చకు అల్లుడూ. అలాగే నిలబడి చెప్పు. ఈసారి నిద్రపోకుండా వింటాను."