నీడ పోగొట్టుకున్న రాజు

“ఈ బొమ్మలేసినోనికి గుర్రాన్ని ఏసేది రాదు. మోకాళ్ళు ఎనక్కి తిప్పి పెట్టినాడు. రాజు మొకం మాత్రం బాగ కుదిరిందప్పా, కండ్లలోనే దిగులంతా కనపడతాండాది,” అంది తాయమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఎమ్మిగనూరులో శంకరన్న మగ్గాల కొట్టం అది. మధ్యాహ్నం మగవాళ్ళు అన్నాలకు పోతే మగ్గాలు ఆగుతాయి. ఆడవాళ్ళు మాత్రం రాట్నాల మీద దారాన్ని కండెలకు చుడుతూనే ఉంటారు. దారం తెగితే మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ఎవరి కళ్ళు వాళ్ళ రాట్నం మీదే. చెవులు మాత్రం తాయమ్మవైపు. అయిదో తరగతి దాకా చదివింది వాళ్ళలో ఆమె ఒక్కతే.

శ్రీపాదరావు మేష్టరు గొడుగు ముడిచి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన వచ్చింది పోట్లాటకు. తరగతిలో పిల్లలు ఎక్కాలు మానేసి నీడ లేని రాజు గురించి గుసగుసలు పోతున్నారు. తల్లులు ఇక్కడ వింటారు, ఇంట్లో చెబుతారు. బొమ్మల కథలు పిల్లల బుర్రలు పాడుచేస్తాయని ఆయనకు గట్టి నమ్మకం. ఆ పుస్తకం సంగతి ఎత్తి నాలుగు మాటలు అనేసి పోదామనుకున్నాడు.

“నీడ లేనోడు దయ్యమని జనం రాళ్ళేస్తారు గదా,” తాయమ్మ పేజీ తిప్పింది. “ఇంగ రాజు ఎప్పుడు బయటికి రావల్ల?”

“చీకట్లో,” అంది శ్రీశైలమ్మ కండె మారుస్తూ.

“నువ్వయితే అట్లే రాస్తావు. ఈ గడిలో ఎండ మాడిపోతాండాది. పక్క గడిలో రాజు సంత నడుమన నిలబడినాడు. నడినెత్తిన సూర్యుడు. ఆ పొద్దు ఎవురికీ నీడ లేదు.”

మేష్టరు గొడుగును గోడకు ఆనించాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన కూడా కథలు రాస్తున్నాడు. పత్రికలకు పంపినవన్నీ గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. ఇంత చిన్న ఊహ, ఇంత పెద్ద ఊహ తనకు ఒక్కనాడూ తట్టలేదు. పోట్లాట సంగతే మరిచిపోయి గడప మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం బడి గంట కొడితే చాలు, మేష్టరు కొట్టంలో ఉండేవాడు. తాయమ్మ రోజుకు రెండు పేజీలకు మించి చదివేది కాదు. చదివినంత సేపూ రాసినవాణ్ణి తిట్టేది. మేష్టరు వెనకేసుకొచ్చేవాడు.

“ఆ రాణి చెలికత్తెను సంపకుండా ఉండాల్సింది సారూ. ఈయప్పకు తొందరెక్కువ.”

“లేదమ్మా. ఆమె పోకపోతే రాజు కోట దాటడు. బాగా ఆలోచించే చంపినాడు.”

“అంతేనంటారా?” తాయమ్మ చాలాసేపు ఆ పేజీనే చూసింది. “అట్లయితే సరే.”

“రాసినాయన పేరేమని ఉంది? ఆయనకు ఉత్తరం రాయాల.”

“పేరుండే ఆకు సినిగిపోయింది సారూ.”

“పోనీ, ఒక్క పూట పుస్తకం ఇవ్వు. ఏ ఊళ్ళో అచ్చేసినారో చూసి ఇచ్చేస్తా.”

తాయమ్మ పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది. “మా ఆయన వదిలిపోయింది ఇదొకటే సారూ. ఇంగొకరి చేతికియ్యను.”

ఆమె భర్త అయ్యన్న పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళయింది. చీర అంచు నేయడంలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేడని చెప్పుకుంటారు. ఆ మాట విన్నాక మేష్టరుకు మళ్ళీ అడగడానికి నోరు రాలేదు.

కానీ మనసు ఊరుకోదు కదా. బస్సెక్కి ఆదోని పోయి పుస్తకాల అంగళ్ళన్నీ తిరిగాడు. ఉరుకుంద జాతరలో బొమ్మల పుస్తకాలు పరిచిన ప్రతి గోనెపట్టా ముందూ కూర్చున్నాడు. నీడ లేని రాజు సంగతి ఎవరూ ఎరగరు. ఇంత గొప్పవాడు పేరైనా లేకుండా ఏ మూల కూర్చుని రాస్తున్నాడోనని ఆయనకు ఆశ్చర్యం తీరలేదు. నాలుగు పేజీల ఉత్తరం రాసి, ‘మీ చేతులకు మొక్కాలనుంది’ అని ముగించి, కవరు మీద పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలి జేబులో పెట్టుకు తిరిగాడు.

ఇంతలో మేష్టరుకు కైరుప్పలకు బదిలీ అయింది. సోమవారం చేరాలి. శనివారం కొట్టానికి వచ్చేసరికి కథలో రాజు తన నీడను దాచిన మూట ముడి విప్పబోతున్నాడు.

“ఈ రోజన్నా ముగించమ్మా. మళ్ళీ వచ్చేది కుదరదు.”

“ముగింపు ఇంగా...” తాయమ్మ తడబడింది. “ఇంగా శానా ఉండాది సారూ.”

అంతలో బయట కేక. వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టి ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి. తడిస్తే ఇన్నాళ్ళ పని నీళ్ళపాలే. రాట్నాలు వదిలేసి అందరూ పరుగెత్తారు. తాయమ్మ గుర్తుగా ఎర్ర దారం పెట్టి, పుస్తకాన్ని కండెల బుట్ట మీద ఉంచి వాళ్ళ వెంట పోయింది.

కొట్టంలో మేష్టరు ఒక్కడే మిగిలాడు. తప్పని తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. దారం ఉన్న చోట తెరిచాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. చివరి అట్ట దాకా చూశాడు. తరవాత కళ్ళు తుడుచుకుని కలం తీశాడు. కవరు మీద ఖాళీ చోట తడుముకోకుండా పేరు రాసి, ఉత్తరాన్ని ఎర్ర దారం పక్కనే పెట్టి, గొడుగు సంగతి మరిచి వానలోకి నడిచాడు.

పుస్తకం నిండా అయ్యన్న గళ్ళ కాగితాల మీద గీసుకున్న చీర అంచులే ఉన్నాయి. రాజు గానీ, కథలో ఒక్క అక్షరం గానీ ఎక్కడా లేదు.