మూడో చెరువు మధ్యలో

"ఇది వాన నీళ్ళు కాదురా," అన్నాడు లామర్.

"పొద్దుట్నుంచి ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది. వాన నీళ్ళు కాక కాఫీయా?" డెల్బర్ట్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. గాలం విసిరి, రబ్బరు పురుగుని మెల్లగా లాక్కుంటున్నాడు.

లామర్ బూట్లు మునిగిపోయాయి. ఇందాక ఇద్దరూ తిని పడేసిన వేరుశనగ తొక్కలు పడవలోనే తేలుతూ తిరుగుతున్నాయి. ఎంత వానైనా గంటలో ఇంత నిండదు.

అలబామాలో, ఊరికి పన్నెండు మైళ్ళ అవతల, ఒకాయన సొంత చెరువులవి. ఇది మూడోది. గేటుకి తాళం, ఇవాళ తాళంచెవి డెల్బర్ట్ జేబులో. ఈ శని, ఆదివారాలు వీళ్ళిద్దరూ తప్ప పిట్ట కూడా లేదక్కడ. ఇంత వానలో వద్దురా అంటే, "వానలోనే బాస్ చేప పైకొస్తుంది, పద" అని లాక్కొచ్చింది డెల్బర్టే.

"సోమవారం కోర్టులో ఏం చెబుతావ్?" అన్నాడు డెల్బర్ట్ ఉన్నట్టుండి.

ఈ మాట ఎప్పుడొస్తుందా అని లామర్ పొద్దుట్నుంచీ బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు.

"చూసింది చెబుతాను. ట్రక్కు నడిపింది మీ అబ్బాయి కోడీయే. ఆ ముసలాయన్ని గుద్ది, ఆగకుండా పోయిందీ వాడే."

"ముప్పై ఏళ్ళ స్నేహంరా మనది."

"కాబట్టే అందరికంటే ముందు నీకు చెప్పాను, బెర్ట్."

"వాడికింకా పంతొమ్మిదేళ్ళురా."

డెల్బర్ట్ గాలం చుట్టేసి కింద పెట్టాడు. చేపలు కొరుకుతుండగా గాలం కింద పెట్టిన డెల్బర్ట్‌ని లామర్ ఏనాడూ చూడలేదు.

లామర్ పడవ వెనక వైపు వంగి అడుగున తడిమాడు. బొటనవేలు పట్టేంత కన్నం. నీళ్ళు బుడబుడమని తోసుకొస్తున్నాయి. పడవ ఒడ్డున ఉన్నన్నాళ్ళూ వాన నీళ్ళు కారిపోవాలని ఆ కన్నానికుండే బిరడా పీకి పెడతారు. చెరువులోకి దించే ముందు మళ్ళీ బిగించాలి. ఇవాళ పడవ దించింది డెల్బర్ట్.

"బిరడా ఏదిరా?"

"అదేంటి, బిగించి లేదూ?"

"దించింది నువ్వు కదా!"

"సీటు కింద డబ్బాలో చూశాను, లేదు. లేదంటే బిగించే ఉంటుందనుకున్నా."

అబద్ధం! ఇన్నేళ్ళుగా చేపలు పట్టేవాడు చెయ్యి పెట్టి చూసుకోకుండా పడవ దించుతాడా? చంటిపిల్లాడు నమ్ముతాడా ఈ మాట?

లామర్ టోపీ తీసి కన్నంలో కుక్కాడు. రెండు నిమిషాలు ఆగి, ఊడొచ్చింది. కాఫీ డబ్బాతో పిచ్చెత్తినట్టు తోడాడు. బ్యాటరీలోకి నీళ్ళు పోయి మోటారు ఆగిపోయింది. ఒడ్డు వంద గజాలుంటుంది, ఎటు చూసినా.

లామర్‌కి ఈత రాదు. బతుకంతా చెరువుల మీదే గడిపిన మనిషికి ఈత రాకపోవడమేమిటంటే ఏం చెబుతాం, రాదు, అంతే. ప్రాణం కాపాడే జాకెట్టేమో, వానకోటు మీద పట్టి చావట్లేదని ట్రక్కులోనే పడేసి వచ్చాడు. ఆ దిక్కుమాలిన కోటు కూడా కిందటిసారి తడిసింది తడిసినట్టే ట్రక్కులో రెండు వారాలు పడుండి కంపు కొడుతోంది. డెల్బర్ట్ మాత్రం ఎన్నడూ లేనిది ఇవాళ జాకెట్టు తగిలించుకున్నాడు. చలికి వెచ్చగా ఉంటుందట. చేపలా ఈదేవాడికి జాకెట్టు!

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పడవ అంచుకీ చెరువుకీ బెత్తెడు తేడా లేదు.

"ఇంక లాభం లేదు," డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. "ఇద్దర్ని మొయ్యదిది. నువ్వు కదలకుండా కూర్చో."

వానలో వాడి మొహం ఆనడం లేదు. ఒక చెయ్యి గుండెల దగ్గర దేన్నో గుంజుతోంది. రెండో చెయ్యి లామర్ మీదికి చాస్తున్నాడు.

"దగ్గరికి రాకు, బెర్ట్!"

"అరవకురా, టైం లేదు. ఇలా రా."

"నాకూ పిల్లలున్నార్రా! రాకు!"

డెల్బర్ట్ ఇంకో అడుగు వేశాడు. లామర్ తెడ్డు రెండు చేతులా ఎత్తి బలంకొద్దీ విసిరాడు. కణత మీద తగిలింది. డెల్బర్ట్ కిక్కురుమనకుండా వెనక్కి పడ్డాడు. ఆ కుదుపుకి పడవా ఒరిగిపోయింది.

నీళ్ళు, చీకటి, మళ్ళీ నీళ్ళు. చేతికి ఏదో మెత్తగా తగిలితే లామర్ రెండు చేతులా కావలించుకున్నాడు. అది తనని పైకి తేల్చింది. ఎంతసేపు కాళ్ళు కొట్టుకున్నాడో, ఎన్ని నీళ్ళు మింగాడో. చివరికి మోకాళ్ళకి బురద తగిలింది.

ఒడ్డున బోర్లా పడి, కావలించుకున్నదాన్ని చూశాడు. డెల్బర్ట్ జాకెట్టు. ఎక్కడా చిరగలేదు. మూడు క్లిప్పులూ శుభ్రంగా విప్పి ఉన్నాయి.

"బెర్ట్! ఒరేయ్, బెర్ట్!"

చెరువంతా వాన చప్పుడే. తల ఎక్కడా తేలలేదు.

ఎవరినైనా పిలవాలి. చేతిని ఫోను కోసం కోటు లోపలి జేబులోకి తోశాడు. వేళ్ళకి చల్లగా, బొటనవేలంత లావున తగిలింది, రెండు వారాల కిందట ఒంటరిగా వచ్చినప్పుడు పడవని ఒడ్డుకి లాగి, ఎక్కడా పోకుండా ఉంటుందని తనే పీకి జేబులో వేసుకున్న ఇత్తడి బిరడా.